ఆయుధం కొన్నవారి వాటా

ఒక పని ఫలం దాన్ని చేసినవాడికి మాత్రమే చెందుతుందా, చేయించినవాడికీ, చేయడానికి ఒప్పుకున్నవాడికీ అందులో భాగం ఉంటుందా అన్న ప్రశ్నను ధర్మశాస్త్రం చాలా ముందే ఎత్తుకుంది. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ సంప్రదాయంలో దీనికి సూటిగా జవాబుంది. స్వర్గానికైనా నరకానికైనా దారితీసే పనిలో ప్రేరేపించినవాడు, అనుమతించినవాడు, చేసినవాడు ముగ్గురూ భాగస్తులేనని ఆపస్తంబ ధర్మసూత్రం రెండో ప్రశ్న చివరి భాగం చెబుతుంది. ఆ పనికి ఎవరు ఎక్కువ పూనుకుంటే వారికి ఫలం ఎక్కువని వెంటనే మరో సూత్రం చేరుస్తుంది. మనుస్మృతి ఐదో అధ్యాయం మాంసాహారాన్ని చర్చిస్తూ ఇంకా దూరం వెళ్లింది. జంతువును చంపినవాడితోపాటు అందుకు అనుమతి ఇచ్చినవాణ్ణి, కోసినవాణ్ణి, కొన్నవాణ్ణి, అమ్మినవాణ్ణి, వండినవాణ్ణి, వడ్డించినవాణ్ణి, తిన్నవాణ్ణి అందరినీ హంతకుల వరసలోనే నిలబెట్టింది.

యుద్ధ డ్రోన్ల కొనుగోలుకు, పరీక్షలకు ఈ ప్రశ్న నేరుగా వర్తిస్తుంది. కత్తి దూసినవాడు ఎవరో యుద్ధభూమిలో అందరికీ కనిపించేది. మానవరహిత విమానం విషయంలో ఆ చివరి మనిషి వందల, ఒక్కోసారి వేల మైళ్ల దూరంలో తెర ముందు కూర్చుని ఉంటాడు. తెర మీద కనిపించే దృశ్యం ఎంత స్పష్టంగా ఉండాలో, గురి తప్పే అవకాశం ఎంతవరకు సహించాలో, సంబంధం తెగిపోతే యంత్రం ఏం చేయాలో అతడు నిర్ణయించలేదు. ఆ నిర్ణయాలు కొన్నేళ్ల ముందే కావలసిన లక్షణాల పత్రం రాసిన గదిలో, ధర మాట్లాడిన బల్ల దగ్గర, పరీక్షా మైదానంలో జరిగిపోయి ఉంటాయి. అందువల్ల డ్రోన్ దాడి మంచిచెడ్డలను మీట నొక్కిన సైనికుడి దగ్గరే తూచడం న్యాయం కాదు. ప్రేరేపించినవారు, అనుమతించినవారు ఉన్న గదుల్లోకి కూడా ధర్మ విచారణ వెళ్లాలి. పర్యవేక్షణ అంటే అసలు అర్థం ఆ విచారణే. లెక్కల తనిఖీ అందులో ఒక భాగం మాత్రమే.

బౌద్ధం ఈ చిక్కును మొదట్లోనే తెంచింది. ఉపాసకుడు చేయరాని ఐదు వ్యాపారాల్లో ఆయుధాల వ్యాపారాన్ని బుద్ధుడు మొదట చెప్పాడని అంగుత్తర నికాయం చెబుతుంది. వ్యక్తికి ఆ మార్గం తెరిచే ఉంది, రాజ్యానికి లేదు. ప్రజలను కాపాడే రాజుకు వారి పుణ్యంలో ఆరో వంతు, కాపాడని రాజుకు వారి పాపంలో ఆరో వంతు చెందుతుందని మనువు లెక్క కట్టాడు. ఆయుధం కొనకపోవడం వల్ల సరిహద్దులో ఒక జవాను చనిపోతే ఆ చావులోనూ రాజ్యానికి వాటా ఉంటుంది. కాబట్టి రాజ్యం ఎదుట ఉన్న ప్రశ్న కొనాలా వద్దా అన్నదగ్గర ఆగదు. ఎలా కొనాలి, ఎవరి కళ్ల ముందు పరీక్షించాలి, ఎవరు వద్దంటే ఆగాలి అన్నవే అసలు ప్రశ్నలు.

వికారాబాద్ జిల్లా ఈ ప్రశ్నలకు దగ్గరగా రెండుసార్లు వచ్చింది. 2021 సెప్టెంబరు 11న 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' పేరుతో టీకాలు, మందులు మోసే డ్రోన్ల పరీక్షలు వికారాబాద్‌లో మొదలయ్యాయి. అప్పటి కేంద్ర పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా వాటిని ప్రారంభించారు, అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ పాల్గొన్నారు. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్ కలిసి చేసిన ఈ ప్రయత్నంలో ప్రాంతీయ ఆసుపత్రి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, నడిపేవారి కంటిచూపు దాటిన దూరానికి డ్రోన్లు ఎగిరాయి. అందుకు పౌర విమానయాన శాఖ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. ఏ సంస్థ ఎగురవేస్తుంది, ఎంత ఎత్తులో, ఏ గగనతలంలో అన్నవన్నీ రాసి ఇచ్చాకే ఆ పెట్టెలు గాల్లోకి లేచాయి. యుద్ధ డ్రోన్ల కథ వేరు. ఈ పరీక్షలకు పదమూడు రోజుల ముందు, ఆగస్టు 29న, కాబూల్‌లో అమెరికా డ్రోన్ దాడిలో పదిమంది సామాన్యులు చనిపోయారు. వారిలో ఏడుగురు పిల్లలు. ఉగ్రవాదిని చంపామని మొదట చెప్పిన పెంటగాన్, పొరపాటు జరిగిందని సెప్టెంబరు 17న ఒప్పుకుంది. ఆ తర్వాత జరిగిన విచారణ ఎవరినీ శిక్షించకుండానే ముగిసింది.

వికారాబాద్ పరీక్షలకు కొద్ది రోజుల ముందు, 2021 ఆగస్టు 25న, కేంద్రం డ్రోన్ నియమాలను ప్రకటించింది. ప్రతి డ్రోన్‌కు విశిష్ట సంఖ్య, నమూనా ధ్రువపత్రం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించిన గగనతల పటం ఆ నియమాల్లో ఉన్నాయి. త్రివిధ దళాలకు చెందిన, లేదా అవి వాడే డ్రోన్లకు ఈ నియమాలు వర్తించవని కూడా అందులోనే ఉంది. ఈ మినహాయింపుకు కారణం సులువుగానే అర్థమవుతుంది. సరిహద్దులో ఎగిరే నిఘా విమానం మార్గాన్ని అందరికీ కనిపించే పటంలో పెట్టడం కుదరదు. అయితే మందులు మోసే డ్రోన్‌పై పౌర సమాజానికి ఉన్న చూపు, క్షిపణి మోసే డ్రోన్ దగ్గరకు వచ్చేసరికి రాజ్యంలోని మరో అంగానికి అప్పగింత అవుతోంది. ఆ అంగం ఏమిటో, అది నిజంగా చూస్తోందో లేదో అడగడానికి ఇదే కారణం.

రెండోసారి 2024 అక్టోబరు 15న. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళ వెరీ లో ఫ్రీక్వెన్సీ కేంద్రానికి రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హాజరయ్యారు. సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి, 3,200 కోట్ల రూపాయల అంచనా వ్యయం. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. సముద్రంలో కొన్ని మీటర్ల లోతున ఉన్న జలాంతర్గామికి ఆజ్ఞ చేరవేయడం దీని పని. అంత తక్కువ పౌనఃపున్యంలో తిరిగి జవాబు పంపగలిగే పెద్ద యాంటెన్నా జలాంతర్గామికి ఉండదు. ఆజ్ఞ వెళుతుంది, అదే దారిన ప్రశ్న తిరిగి రాదు. అదే రోజు ఢిల్లీలో, అప్పటి రక్షణ కార్యదర్శి, ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన గిరిధర్ అరమనే సమక్షంలో, 31 ఎంక్యూ-9బి డ్రోన్ల కొనుగోలుకు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. నౌకాదళానికి 15, సైన్యానికి 8, వైమానిక దళానికి 8. నలభై వేల అడుగుల ఎత్తులో, నలభై గంటలకు పైగా ఎగరగల యంత్రాలివి. దామగుండంలో మాత్రం అడవి గురించి, మూసీ పుట్టే అనంతగిరి కొండల గురించి, అడవిలోని రామలింగేశ్వరస్వామి ఆలయం గురించి ఊళ్లవాళ్లు, పర్యావరణవాదులు అడిగారు. ఆందోళనలు జరిగాయి, హైకోర్టు దాకా వెళ్లారు. ఆలయానికి దారి మూయబోమని హామీ వచ్చింది. ఆ హామీ అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే వచ్చింది. డ్రోన్ల ఒప్పందానికి అలా ఎదురుగా నిలబడి అడగగల ఊరు ఏదీ లేదు. దాని తరఫున అడగవలసింది సంస్థలే.

ఆ సంస్థల వరస ఇలా ఉంటుంది. తమకేం కావాలో దళాలు రాస్తాయి. రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే రక్షణ కొనుగోళ్ల మండలి ఆ అవసరాన్ని ఆమోదిస్తుంది. టెండరు, సాంకేతిక మదింపు, క్షేత్ర పరీక్షలు, ధరపై బేరం నడుస్తాయి. పెద్ద మొత్తమైతే ప్రధాని అధ్యక్షతన ఉన్న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం చివరి మాట చెబుతుంది. 2020 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన రక్షణ కొనుగోళ్ల విధానం ఈ క్రమాన్ని వందల పేజీల్లో వివరించింది. ఎంక్యూ-9బి విషయంలో మండలి 2023 జూన్ 15న అవసరాన్ని ఆమోదించింది. అమెరికా ప్రభుత్వం చెప్పిన అంచనా 307.2 కోట్ల డాలర్లని ఆ సందర్భంగా నమోదు చేసింది. ధర ఎక్కువని ప్రతిపక్షం విమర్శించినప్పుడు, ధర ఇంకా ఖరారు కాలేదని, ఇతర దేశాలకు ఇచ్చిన ధరతో పోల్చి బేరం చేస్తామని రక్షణ శాఖ అదే నెలలో ప్రకటించింది. ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి జరిగే కొనుగోలులో పోటీ టెండరు ఉండదు. అక్కడ పర్యవేక్షణ బరువంతా బేరం చేసే సంఘం మీద, ఆ తర్వాత కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) మీద పడుతుంది. కాగ్ నివేదిక పార్లమెంటుకు, అక్కడి నుంచి ప్రజా పద్దుల సంఘానికి వెళుతుంది. రక్షణ శాఖపై స్థాయీ సంఘం కూడా ఏటా పద్దులను పరిశీలిస్తుంది. ఆపస్తంబుడు చెప్పిన ముగ్గురిలో అనుమతించినవాడు ఈ మొత్తం వరసలో చెల్లాచెదురుగా ఉన్నాడు. ప్రతి సంతకమూ తన వంతు ఇంతేనని చెప్పుకునే వీలు కూడా ఈ వరసలోనే ఉంది. శాస్త్రం ఆ వీలును ఒప్పుకోదు. భాగస్తులు పెరిగితే పాపం చీలి చిన్నదవుతుందని ఎక్కడా చెప్పలేదు.

కొనుగోలుపై నిఘా ఉంచడం ఈ నేలకు కొత్త విద్య కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగార అధ్యక్షుడికి ప్రత్యేక ప్రకరణం ఉంది. ఏ పనివాడు ఎంత కాలంలో ఎంత పని చేయాలో, కూలి ఎంతో ముందే తేల్చుకోవాలి. ప్రతి ఆయుధం జాతి, రూపం, లక్షణం, పరిమాణం, ఎక్కడి నుంచి వచ్చింది, ధర ఎంత అన్నవి అతడికి తెలిసి ఉండాలి. ఆయుధాలను తరచూ చోటు మార్చాలి, ఎండలో పెట్టాలి. అధికారులను నియమించే ముందు ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు రకాల పరీక్షలు పెట్టమన్నాడు. డబ్బు ఆశ చూపినా చలించనివాణ్ణే పన్నుల వసూలుకూ నిల్వల మీదా నియమించమన్నాడు. ఆయుధాన్ని పరీక్షించే ముందు ఆయుధం కొనేవాణ్ణి పరీక్షించాలన్న ఈ ఆలోచన నేటి కొనుగోలు విధానంలో విక్రేతతో చేసుకునే నిజాయతీ ఒప్పందంగా, స్వతంత్ర పర్యవేక్షకుల నియామకంగా కొంత మిగిలింది. కొంతే మిగిలింది అనడమే సరైనది. ఒప్పందం విక్రేత నడతను కట్టడి చేస్తుంది కానీ, కొనే అధికారి మనసును ఎవరూ తూచడం లేదు.

విజయనగర కాలంలో గుర్రమే ఇవాళ్టి డ్రోన్. దూరదేశాల నుంచి వచ్చేది, ఖరీదైనది, అది ఎవరి చేతిలో ఉంటే గెలుపు వారిది. ఏనుగులను, మేలుజాతి గుర్రాలను తెచ్చే విదేశీ వర్తకులకు ఊళ్లు, మంచి ఇళ్లు, కొలువులో దర్శనం, లాభం ఇచ్చి తనవారిని చేసుకోవాలని, అప్పుడు ఆ సరుకు శత్రువుల దగ్గరకు పోదని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెప్పాడు. వ్యూహంగా ఇది తెలివైన మాట. ఆ ఆత్రం అదుపు తప్పితే ఏమవుతుందో, 1535 ప్రాంతంలో రాసిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ చెప్పిన విషయం చూపిస్తుంది. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు హొర్ముజ్ గుర్రాలను బతికున్నా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చనిపోయిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే బతికిన గుర్రానికి ఇచ్చినట్టే సొమ్ము ఇచ్చేవాడట. వర్తకుడు నష్టభయం లేకుండా ఓడ ఎక్కాలని రాజు తనే నష్టాన్ని నెత్తిన వేసుకున్నాడు. ఆ ధర ప్రజల పన్నుల నుంచి వచ్చింది. కొత్త ఆయుధం అభివృద్ధిలో నష్టం ఎవరు భరించాలి అన్న నేటి వాదన మొత్తం ఆ తోకలో ఉంది.

మొఘలుల కాలంలో మోసం మరో రూపంలో ఉండేది. కాగితం మీద గుర్రాలు ఉండేవి, లాయంలో ఉండేవి కావు. అందుకే గుర్రానికి దాగ్ అనే వాత, సిపాయికి చెహ్రా అనే ఆనవాళ్ల చిట్టా అమలు చేశారు. వికారాబాద్ ఏ వికార్ ఉల్ ఉమ్రా పేరున వెలసిందో ఆయన పాయిగా వంశస్తుడు. పాయిగా జాగీర్లను నిజాములు సైన్యాన్ని పోషించడానికే ఇచ్చారు. సైన్యాన్ని మరొకరికి అప్పగించి పోషించుకునే ఏర్పాటులో లెక్క చూసే కన్ను ఎంత అవసరమో ఈ ప్రాంతపు చరిత్రకు బాగా తెలుసు.

ఇక పరీక్షల సంగతి. ఆధునిక భారతదేశంలో డ్రోన్ల చరిత్ర చాలావరకు కూలిన డ్రోన్ల చరిత్ర. సైన్యం తీసుకున్న నాలుగు నిశాంత్ డ్రోన్లూ 2015 నవంబరు నాటికి కూలిపోయాయి. రుస్తుం-2గా మొదలై తపస్ అనే పేరు పొందిన విమానం 2011లో మంజూరైంది, 2016 నవంబరులో కర్ణాటకలోని చిత్రదుర్గ పరీక్షా కేంద్రం నుంచి తొలిసారి ఎగిరింది. 2019 సెప్టెంబరులో ఒకటి, 2023 ఆగస్టులో ఒకటి ఆ జిల్లా పొలాల్లోనే పడ్డాయి. ముప్పై వేల అడుగుల ఎత్తు, ఇరవై నాలుగు గంటల పయనం అని దళాలు అడిగిన స్థాయిని అది అందుకోలేదు. నౌకాదళం అద్దెకు తెచ్చుకున్న సీ గార్డియన్ డ్రోన్ ఒకటి 2024 సెప్టెంబరు 18న సాంకేతిక లోపంతో చెన్నై తీరాన బంగాళాఖాతంలో దిగిపోయింది. అదే కుటుంబానికి చెందిన 31 విమానాల ఒప్పందం నెల తిరగకుండానే కుదిరింది. హైదరాబాద్‌లోని అదానీ కర్మాగారంలో తయారైన తొలి దృష్టి-10 డ్రోన్‌ను 2024 జనవరి 10న అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ హరికుమార్ హైదరాబాద్‌లోనే ఆవిష్కరించారు. 2025 జనవరిలో మరో దృష్టి-10, నౌకాదళానికి అప్పగించే ముందు జరిగిన పరీక్షల్లో పోరుబందర్ తీరంలో కూలింది.

ఈ వరసను చూసి నవ్వుకోవడం తప్పు. అప్పగింతకు ముందు పరీక్షలో కూలిన యంత్రం, పరీక్ష తన పని తాను చేసిందనడానికి సాక్ష్యం. లోపం అక్కడ బయటపడితే పోయేది సొమ్ము, అదీ ఇంకా కొననివారి సొమ్ము కాదు. తర్వాత బయటపడితే పోయేది ప్రాణాలు. మైదానంలో కూలిన విమానం పేరు పత్రికకెక్కుతుందన్న భయంతో పరీక్షను తేలిక చేసే అధికారి, ఆపస్తంబుడి లెక్కలో పెద్ద వాటాదారు. అలాగే అడిగిన ఎత్తు అందలేదని ఏళ్ల తరబడి శ్రమించిన శాస్త్రవేత్తలను తప్పుపట్టే ముందు, ఆ ఎత్తు నిజంగా అవసరమా, విదేశీ కరపత్రం చూసి రాసిందా అని తేల్చాలి. ఎక్కువ పూనుకున్నవాడికి ఎక్కువ ఫలమన్న సూత్రం ఇక్కడ లక్షణాల పత్రం రాసినవాడి వైపే వేలు చూపుతుంది.

పరీక్ష గురించి భారతీయ సాహిత్యంలో ఉన్న అతి లోతైన కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. ఇంద్రలోకం నుంచి దివ్యాస్త్రాలతో తిరిగి వచ్చిన అర్జునుణ్ణి, అవి ఎలా ఉంటాయో చూపించమని ధర్మరాజు అడుగుతాడు. శత్రువు లేడు, యుద్ధం లేదు, కేవలం ప్రదర్శన. అర్జునుడు శుచిగా కవచం తొడిగి గాండీవం అందుకుని అస్త్రాలను ఒక్కొక్కటిగా చూపబోతాడు. నేల కంపిస్తుంది, నదులు కలగిపోతాయి, గాలి ఆగిపోతుంది. భూమి లోపల నివసించే ప్రాణులు బాధతో పైకి వచ్చి, వణుకుతూ, చేతులు జోడించి అతడి చుట్టూ నిలబడతాయి. అప్పుడు దేవతలు పంపగా నారదుడు వచ్చి ఆపుతాడు. గురి లేకుండా వీటిని వాడవద్దని, సరిగా కాపాడుకుంటే ఇవి మేలు చేస్తాయని, లేకుంటే మూడు లోకాలకూ ముప్పని చెబుతాడు. ధర్మరాజుకు వాటిని యుద్ధంలోనే చూద్దువులే అంటాడు. అడిగినవాడు ధర్మరాజు, చూపినవాడు అర్జునుడు. ఇద్దరిలో ఎవరి మనసులోనూ దురుద్దేశం లేదు. అయినా పాండవుల కొలువుకు బయటివాడు ఒకడు వచ్చి ఆపవలసి వచ్చింది.

పర్యవేక్షణకు కావలసిన మూడు గుణాలు నారదుడి రాకలో ఉన్నాయి. ఆయన బయటివాడు. బాధపడేవారి గోడు ఆయన రాకకు ముందే వినిపించింది. పని జరుగుతుండగానే ఆపగల మాట ఆయనకు ఉంది. మన సంస్థలను ఈ మూడింటితో కొలిస్తే లోటు కనిపిస్తుంది. క్షేత్ర పరీక్షల బృందానికి ఆపే అధికారం ఉంది, కానీ అది లోపలిది. కాగ్ బయటిది, కానీ అది సొమ్ము ఖర్చయ్యాక వస్తుంది, యంత్రం మీదా డబ్బు మీదా మాట్లాడుతుంది. పరీక్షా కేంద్రం చుట్టుపక్కల పొలాలున్న రైతు మాట ఈ రెండు చోట్లా నమోదు కాదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చి చూశారు. జులైలో డ్రోన్ నుంచి ప్రయోగించే క్షిపణి యూఎల్‌పీజీఎం-వీ3 ని పరీక్షించారు. ఇవి శాస్త్రవేత్తలు గర్వించదగ్గ విజయాలే. కానీ లక్ష్యాన్ని తాకిందా అన్నది తేల్చే పరీక్ష అది. తాకవలసినదాన్నే గుర్తించిందా అన్నది మరో పరీక్ష.

ఆ రెండో పరీక్షకు అంతర్జాతీయ న్యాయంలో చోటుంది. 1949 నాటి జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం, కొత్త ఆయుధాన్ని రూపొందించేటప్పుడు లేదా కొనేటప్పుడు దాని వాడకం యుద్ధ న్యాయానికి విరుద్ధమవుతుందేమో రాజ్యం ముందే తేల్చాలి. భారత్ ఆ ఒడంబడికలో చేరలేదు. మనిషి ప్రమేయం లేకుండా చంపే ఆయుధాలపై 2023 డిసెంబరులో ఐరాస సర్వసభ్య సభ తీర్మానం చేసినప్పుడు భారత్ వ్యతిరేకంగా ఓటు వేసింది. జెనీవాలో వేరే వేదికపై ఆ చర్చ ఇప్పటికే నడుస్తోందన్నది ప్రభుత్వ వాదన. 2017లో, 2018లో అక్కడి నిపుణుల బృందానికి అధ్యక్షత వహించింది భారత రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్ కాబట్టి ఆ వాదనకు బలం లేకపోలేదు. అయినా ఒప్పందంలో చేరకపోవడం వేరు, మన ఇంట్లో మనం పరీక్ష పెట్టుకోకపోవడం వేరు. కురుక్షేత్రంలో పారిపోయేవాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి, మరొకరితో పోరాడుతున్నవాణ్ణి కొట్టరాదని ఇరుపక్షాలూ యుద్ధానికి ముందే కట్టుబాటు చేసుకున్నాయి. సిరియా వైపు వెళుతున్న సైన్యానికి పిల్లలను, స్త్రీలను, ముసలివారిని చంపవద్దని, పండ్ల చెట్లు నరకవద్దని అబూ బకర్ చెప్పి పంపాడని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. ఈ కట్టుబాట్లను యంత్రం కళ్లలోకి ఎక్కించగలమా అన్నదే 36వ అధికరణం అడిగే ప్రశ్న. వికారాబాద్‌లో మసీదుకు, గుడికి వెళ్లేవారెవరికీ ఆ ప్రశ్న పరాయిది కాదు.

రామాయణంలో వాలి దీన్నే మరో వైపు నుంచి అడిగాడు. వేరొకరితో పోరాడుతున్న తనను, కనిపించకుండా దూరం నుంచి ఎందుకు కొట్టావని. భరతుడి పాలనలో ధర్మం తప్పినవాణ్ణి శిక్షించే అధికారం తనకుందని, వేటలో మృగాన్ని చాటు నుంచి కొట్టడం దోషం కాదని రాముడు జవాబిచ్చాడు. ఆ జవాబు చాలునా అని వ్యాఖ్యాతలు శతాబ్దాలుగా తర్కిస్తూనే ఉన్నారు. అయినా రాముడి జవాబు కోసం వాలి ప్రాణం నిలిచే ఉంది. కొట్టినవాడు చాటు నుంచి బయటకు వచ్చి, పడినవాడి ఎదుట నిలబడి, తన అధికారం ఎక్కడిదో చెప్పాడు. డ్రోన్ దాడికి గురైనవారికి ఆ అవకాశం లేదు. వారి బదులు అడగడానికి కొన్న దేశంలో ఒక వ్యవస్థ ఉండాలి.

ప్రయోగించిన అస్త్రాన్ని వెనక్కి పిలవగలగడం కూడా పరీక్షలో భాగమేనని సౌప్తికపర్వం చెబుతుంది. అశ్వత్థామ, అర్జునుడు ఎదురెదురుగా మహాస్త్రాలు వేశారు. ఋషులు అడ్డు నిలిచి ఉపసంహరించమంటే అర్జునుడు ఉపసంహరించాడు. అశ్వత్థామకు ఆ విద్య రాదు, అతడికి ఆ నిగ్రహమూ లేదు. ఆ అస్త్రం ఉత్తర గర్భం మీదికి మళ్లింది. సంబంధం తెగినప్పుడు, లక్ష్యం దగ్గరకు పిల్లవాడు పరుగెత్తుకు వచ్చినప్పుడు, దూసుకెళ్లే ఆయుధాన్ని చివరి క్షణంలో ఆపగలమా అన్నది కొనుగోలు పత్రంలో తప్పనిసరి షరతుగా, మైదానంలో విడిగా చేసే పరీక్షగా ఉండాలి. వేగం, దూరం, బరువు పక్కన అదొక వరసగా కాదు, అది లేకపోతే కొనకూడదనే షరతుగా.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పర్యవేక్షణ ఎక్కువైతే ఆయుధం ఆలస్యమవుతుంది. 2025 మే నాటి ఆపరేషన్ సిందూర్‌లో భారత్, పాకిస్తాన్ ఇరువైపుల నుంచీ డ్రోన్లు ఎగిరాయి. ఆ జూన్ 24న రక్షణ శాఖ, ఉగ్రవాద నిరోధానికి అత్యవసర విధానం కింద 1,981.90 కోట్ల రూపాయల విలువైన పదమూడు ఒప్పందాలు కుదిరాయని ప్రకటించింది. వాటిలో డ్రోన్లు, గాల్లో తిరుగుతూ లక్ష్యం మీద పడే ఆయుధాలు ఉన్నాయి. ఆలస్యంలోనూ పాపం ఉందని మనువు మాటతో ముందే ఒప్పుకున్నాం కాబట్టి ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. కానీ వేగానికి చెల్లించిన ధర కూడా కళ్ల ముందే ఉంది. సైన్యం కోసం ఇచ్చిన 400 సరుకు రవాణా డ్రోన్ల ఒప్పందాలను, సుమారు 230 కోట్ల రూపాయల విలువైనవాటిని, చైనా భాగాలున్నాయన్న కారణంతో రద్దు చేసినట్టు 2025 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. ప్రతి ఆయుధం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండాలన్న కౌటిల్యుడి మాటను మొదటే పాటించి ఉంటే ఆ సమయం మిగిలేది. అత్యవసరంలో తనిఖీని ముందు నుంచి వెనక్కి జరపవచ్చు, ఎత్తేయకూడదు.

రహస్యం గురించిన వాదన మరోటి. రక్షణ శాఖపై కొన్ని కాగ్ నివేదికలు పార్లమెంటు ముందుకు వెళుతున్నా వెబ్‌సైట్‌లో కనిపించవు. అది తెలిసి తీసుకున్న నిర్ణయమేనని అప్పటి కాగ్ రాజీవ్ మెహర్షి 2020లో చెప్పారు. డ్రోన్ ఎంత దూరం చూడగలదో శత్రువుకు తెలియకూడదు, నిజమే. ఎంతకు కొన్నారు, పరీక్షలో ఎన్నిసార్లు విఫలమైంది, ఎవరు సరే అన్నారు అన్నవి శత్రువు కంటే పౌరుడికే ఎక్కువ పనికొచ్చే విషయాలు. ఈ రెండు రకాలనూ ఒకే తాళం వేసి ఉంచడం సరికాదు.

పౌరుడి వాటా కూడా ఇక్కడే తేలాలి. హైదరాబాద్‌లో తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024లో పత్రికల్లో వచ్చింది. ఆ దేశానికి ఆయుధాల ఎగుమతి ఆపమని వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు సెప్టెంబరు 9న కొట్టివేసింది. విదేశాంగ విధానం కోర్టుల పరిధి కాదని అంది. చట్టం దృష్టిలో అది సరైన గీత కావచ్చు. ధర్మం దృష్టిలో, కోర్టు వద్దన్న ప్రశ్న పార్లమెంటుకు, అక్కడ ఎత్తకపోతే ఓటరుకు తిరిగి వస్తుంది. పన్ను కట్టేవాడు ప్రేరేపించలేదు, చేయలేదు. అయితే ఎన్నుకున్న ప్రభుత్వం ద్వారా అనుమతించాడు. పూనిక తక్కువ కాబట్టి వాటా తక్కువ, అంతేగాని సున్నా కాదు. ఆ చిన్న వాటాను మోసే పద్ధతులు కొన్ని చట్టంలో ఉన్నాయి. తమ ఎంపీ పార్లమెంటులో ఏం అడిగారో తెలుసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్, రెండో షెడ్యూలు డీఆర్‌డీవోకు మినహాయింపు ఇచ్చాయి. అదే సెక్షన్‌లోని నిబంధన ప్రకారం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. పూడూరు నుంచి అయినా, తాండూరు నుంచి అయినా ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు.